రాయికి నకలు

1905లో మద్రాసులో మూడు సంపుటాల పుస్తకం ఒకటి అచ్చయింది. నెల్లూరు జిల్లాలో రాగిరేకుల మీద, రాళ్ల మీద ఉన్న శాసనాలను అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి అనే ఐసీఎస్ అధికారులు తాలూకాల వారీగా అందులో చేర్చారు. అప్పటి జిల్లా పెద్దది. కందుకూరు, దర్శి, పొదిలి కూడా అందులోవే. చరిత్రకారులకి అది ఆకరగ్రంథం. డేటాబేస్‌లతో బతికే నాలాంటివాళ్లకి మాత్రం అదొక బ్యాకప్.

నిజానికి శాసనమే ఒక బ్యాకప్. తాటాకుని చెద తింటుంది, సముద్రపు గాలి పాడు చేస్తుంది. అందుకే దానం ఇచ్చినవాళ్లు రాతి మీద చెక్కించారు. ఈ భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడని చివర్లో శాపం కూడా పెట్టారు. కానీ ఉన్నది ఒకటే ప్రతి, అదీ ఒకటే చోట. గుడి బాగుచేసేటప్పుడు ఆ రాయి పగిలినా, సున్నం కింద కప్పడిపోయినా ఇక అంతే.

బ్యాకప్‌లో రెండు రకాలు. టేబుళ్లను చదివి తిరిగి రాసుకునేది డంప్. డిస్కును ఉన్నదున్నట్టు పట్టుకునేది స్నాప్‌షాట్. శాసన పరిశోధనలోనూ ఈ రెండూ ఉన్నాయి. అచ్చు పాఠం డంప్ లాంటిది, చదివినవాళ్ల పొరపాటు కూడా అందులోకి వచ్చేస్తుంది. తడి కాగితాన్ని రాతికి అంటించి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది తీసే ప్రతిబింబం స్నాప్‌షాట్. నల్లటి నేల మీద అక్షరాలు తెల్లగా తేలతాయి. యాభై ఏళ్ల తర్వాత ఇంకొకరు దాన్ని ఇంకోలా చదవొచ్చు.

అసలు చిక్కు రికవరీలో ఉంది. అమెజాన్ ఆర్‌డీఎస్ లాంటి సేవలో ఆటోమేటిక్ బ్యాకప్‌లను 35 రోజుల దాకా ఉంచుకోవచ్చు, ఆ వ్యవధిలో కావలసిన క్షణానికి వెనక్కి వెళ్లొచ్చు. అయితే రీస్టోర్ చేసిన డేటా పాత సర్వర్‌లోకి రాదు. కొత్త అడ్రస్‌తో కొత్త డేటాబేస్ పుడుతుంది. అప్లికేషన్‌కి ఆ అడ్రస్ చెప్పేదాకా, డేటా ఉన్నా వాడేవాళ్లకి లేనట్టే.

కృష్ణపట్నం సంగతి చూడండి. ఈ రేవు పేరు పాత శాసనాల్లో కొల్లిత్తురై, గండగోపాలపట్టణం. నెల్లూరు తెలుగు చోళుల బిరుదు గండగోపాల నుంచి వచ్చిన పేరది. తిక్కనను ఆదరించిన మనుమసిద్ధి వంశమే అది. ఇక్కడి శాసనాల్లో తమిళంలో ఉన్నవే ఎక్కువ. అంటే రాయి ఎదురుగా నిలబడి ఉన్నా, ఆ ఊరి తెలుగు పిల్లలు చదవలేరు. పాఠం 1905 పుస్తకంలో ఉంది, పుస్తకం స్కాన్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంది. డేటా భద్రం. కొత్త అడ్రస్ మాత్రం ఊరికి అందలేదు.

రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ని మా వృత్తిలో ఎవరూ నమ్మరు. నెల్లూరు తీరానికి ఆ పరీక్ష పెట్టడం పెద్ద పనేం కాదు. తమిళం చదవగలిగినవాళ్లు ఒకరు, ఊరి బడి టీచరు ఒకరు, తమ ఊరి పేజీలు పట్టుకుని గుడి గోడ దగ్గర నిలబడి వరస వరసా పోల్చి చూడాలి. ఏ రాయి కనబడకపోతే, దాని వరకు ఆ పేజీయే ఇక అసలు. ఆ సంగతి ముందు తెలియాల్సింది ఊరివాళ్లకే.