పీటీఎస్‌డీ: చరిత్ర, చికిత్స

ప్రాణాపాయం, లైంగిక దాడి, తీవ్ర హింస వంటివి అనుభవించినవారిలో, కళ్లారా చూసినవారిలో కొందరికి వచ్చే మానసిక రుగ్మత పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్). జరిగినదే మళ్లీ జరుగుతున్నట్టు అనిపించడం, పీడకలలు, దాన్ని గుర్తుచేసే చోట్లకు దూరంగా మెలగడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం ముఖ్య లక్షణాలు. ఇవి నెలకు మించి కొనసాగి, రోజువారీ పనులకు అడ్డొస్తే వైద్యులు దీన్ని నిర్ధారిస్తారు. కారణం ఎక్కడుందని ఏ కాలంవారు నమ్మారో, చికిత్స కూడా అక్కడే సాగిందని దీని చరిత్ర చెబుతుంది.

తొలి వివరణలు

1866లో లండన్ శస్త్రవైద్యుడు జాన్ ఎరిక్ ఎరిక్‌సన్ రైలు ప్రమాద బాధితుల అవస్థలకు వెన్నుపాము దెబ్బ కారణమన్నారు. 1871లో జేకబ్ డకోస్టా అమెరికా అంతర్యుద్ధ సైనికుల గుండెదడను గుండెకు సంబంధించిన జబ్బుగానే వర్ణించారు.

షెల్ షాక్

మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో, 1915లో వైద్యుడు చార్లెస్ మైయర్స్ ‘లాన్సెట్’ పత్రికలో షెల్ షాక్ గురించి రాశారు. ఫిరంగి గుండ్ల అదురు మెదడును దెబ్బతీస్తుందని అప్పట్లో భావించారు. పేలుళ్ల దరిదాపుల్లో లేనివారికీ అవే లక్షణాలు రావడంతో అనుమానం సైనికుడి ధైర్యం మీదికి మళ్లింది. లండన్‌లో వైద్యుడు లూయిస్ యెల్లాండ్ మాట పడిపోయిన ఒక సైనికుణ్ణి గదిలో పెట్టి తాళం వేసి, మాట్లాడేదాకా గొంతుకు కరెంటు షాకులు ఇచ్చారు. ఎడిన్‌బరోలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ దారి వేరు: జ్ఞాపకాలను అణచుకోవద్దని, వాటి గురించి మాట్లాడమని రోగులను ప్రోత్సహించారు. పిరికితనం, పారిపోవడం వంటి నేరాలకు ఆ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన 306 మందికి 2006లో క్షమాభిక్ష దక్కింది.

అధికారిక గుర్తింపు

అమెరికా మనోవైద్యుల సంఘం 1952 నాటి వ్యాధుల పట్టికలో చేర్చిన తీవ్ర ఒత్తిడి నిర్ధారణను 1968లో తొలగించింది. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులు, వారితో పనిచేసిన మనోవైద్యులు చైమ్ షాటన్, రాబర్ట్ లిఫ్టన్ 1970లలో మళ్లీ గుర్తింపు కోసం పట్టుబట్టారు. అత్యాచార బాధితుల్లో ఇలాంటి లక్షణాలనే ఆన్ బర్జెస్, లిండా హోమ్‌స్ట్రామ్ 1974లో నమోదు చేశారు. 1980లో పీటీఎస్‌డీ పట్టికకెక్కింది. దీంతో రోగి స్వభావాన్ని కాక, అతనికి ఎదురైన ఘటనను మూలకారణంగా చూడటం మొదలైంది.

నేటి చికిత్స

జ్ఞాపకాన్ని సురక్షిత వాతావరణంలో క్రమంగా ఎదుర్కొనే పద్ధతిని ఎడ్నా ఫోవా, ‘తప్పంతా నాదే’ వంటి ఆలోచనలను సరిదిద్దే పద్ధతిని పట్రీషియా రెసిక్ రూపొందించారు. ఫ్రాన్సీన్ షాపీరో 1989లో ప్రకటించిన ఈఎండీఆర్‌లో రోగి చికిత్సకుని వేలి కదలికను చూపుతో అనుసరిస్తూ ఘటనను తలచుకుంటారు. మందుల్లో సెర్ట్రలిన్, పరాక్సెటిన్ ప్రధానం. ఘటన జరిగిన వెంటనే ఒకే విడతలో అంతా చెప్పించడం వల్ల వ్యాధిని నివారించలేమని తేలింది. భారత్‌లో టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి ఉచిత నంబరు 14416లో తెలుగులోనూ మాట్లాడవచ్చు.