చొక్కాలకీ కోటా ఉండేది

హెచ్-1బీ పుణ్యమా అని 'కోటా' అంటే ఏంటో మన ఐటీ జనాలకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏడాదికి ఇన్ని వీసాలే అన్నట్టు, ఏడాదికి ఇన్ని చొక్కాలే అని దేశాలవారీగా లెక్కపెట్టిన రోజులు కూడా ఉన్నాయి.

గాట్ ఒప్పందం ప్రకారం సభ్యదేశాలన్నిటినీ సమానంగా చూడాలి. బట్టల దగ్గరికొచ్చేసరికి ఆ సూత్రం అటకెక్కింది. 1961లో నూలు బట్టల మీద 'స్వల్పకాలిక' ఏర్పాటు అన్నారు. 1962లో అదే 'దీర్ఘకాలికం' అయింది. 1974లో ఉన్ని, సింథటిక్ బట్టల్ని కూడా కలిపి మల్టీ ఫైబర్ అరేంజ్‌మెంట్ చేశారు. ధనిక దేశాల మిల్లులు సర్దుకునేదాకానే అన్నారు. ఆ సర్దుకోవడం 2004 చివరిదాకా సాగింది!

దీనివల్ల ఓ వింత కూడా జరిగింది. కొరియా బట్టలకి కోటా అడ్డం రావడంతో దేవూ కంపెనీ కోటా లేని బంగ్లాదేశ్ వైపు చూసింది. 1979లో దేశ్ గార్మెంట్స్ నుంచి సుమారు 130 మందిని కొరియా తీసుకెళ్ళి పని నేర్పింది. వాళ్ళలో చాలామంది తర్వాత వేరే ఫ్యాక్టరీలకి వెళ్ళారు, కొందరు సొంతంగా పెట్టుకున్నారు. అలా ఓ పరిశ్రమ మొలకెత్తింది. అది కాస్త ఎదిగిందో లేదో, 1985లో అమెరికా బంగ్లాదేశ్ మీద కూడా కోటా వేసింది.

1995లో డబ్ల్యూటీవో వచ్చాక, పదేళ్ళలో కోటాలు ఎత్తేస్తామన్నారు. ఎలాగంటే 1995లో 16 శాతం, 1998లో 17, 2002లో 18, మిగతా 49 శాతం 2005 జనవరి 1న. సగం పని గో-లైవ్ రోజుకి తోసేసిన ప్రాజెక్టు ప్లాన్ అన్నమాట. పైగా ముందు ఏ సరుకుల్ని వదలాలో ఎంచుకునేది కొనే దేశమే. అందుకని అసలు కోటాయే లేని సరుకుల్ని ముందు 'వదిలి' లెక్క సరిపెట్టారు.

ఇది ఊరికే రాలేదు. బదులుగా మనలాంటి దేశాలు పేటెంట్లు, సేవల విషయంలో కొత్త నియమాలకి ఒప్పుకున్నాయి. మందుల తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చే మన 1970 నాటి చట్టం నీడలోనే హైదరాబాద్ మందుల కంపెనీలు చాలావరకు ఎదిగాయి. ఆ వెసులుబాటు పోయి, మందుకే పేటెంట్ అమల్లోకి వచ్చింది కూడా సరిగ్గా 2005 జనవరి 1నే!

చైనా సంగతి ఇంకా తమాషా. 2005లో దాని బట్టలు వెల్లువెత్తగానే, అది డబ్ల్యూటీవోలో చేరేటప్పుడు రాయించుకున్న షరతు చూపించి యూరప్, అమెరికా మళ్ళీ కొన్నేళ్ళపాటు పరిమితులు పెట్టాయి.

అందుకే ఏ వాణిజ్య ఒప్పందం గురించి విన్నా 'మార్కెట్ తెరిచారు' అనే మాట దగ్గర ఆగిపోకండి. ఏ సరుక్కి, ఎప్పటికి, ఎవరి ఇష్టప్రకారం అని కూడా అడగండి. స్పెక్ చదవకుండా సైన్ చెయ్యం కదా మనం?