మడ అడవి అంచున చిట్టెలుక

కృష్ణా డెల్టాలో ఎలుక పేరెత్తితే రైతుకు గుర్తొచ్చేది పోయిన గింజలే. ఆ కోపంలో న్యాయం ఉంది. అయితే ఆ కోపమంతా చిట్టెలుక మీద పడటంలో న్యాయం లేదు. బాగా ఎదిగినా పది పన్నెండు గ్రాములు తూగే ప్రాణి అది. వీపు గోధుమ రంగు, పొట్ట తెలుపు. పొలంగట్టులో వేలు పట్టేంత బొరియ, దాని వాకిట గుప్పెడు మట్టి, అంతే దాని సంసారం. కంకులు కొరికి బస్తాలకొద్దీ లోపలికి ఈడ్చుకుపోయేది నల్ల ఎలుక.

చిట్టెలుకకు శాస్త్రీయ నామం పెట్టింది 1837లో, లండన్‌లో జాన్ ఎడ్వర్డ్ గ్రే. నమూనా ధార్వాడ వైపు నుంచి వెళ్లింది. ఆ ప్రాంతపు జంతువుల పట్టికను 1839లో అచ్చువేయించిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి వాల్టర్ ఇలియట్ తర్వాత మన దగ్గరికే వచ్చాడు. 1845లో అమరావతి స్తూపాన్ని తవ్వించిన ఇలియట్ ఆయనే. ఆ స్తూపపు శిల్పాల గురించి మనకు తెలిసినంతలో పదో వంతైనా ఆయన జంతు పరిశీలనల గురించి తెలియకపోవడం విచారకరం.

అప్పటికి బెజవాడ దగ్గర ఆనకట్ట లేదు. 1852లో పని మొదలై 1855లో పూర్తయ్యాక కాలువలు సముద్రం దిశగా సాగాయి. కాలువ వెళ్లిన చోటల్లా మాగాణి, మాగాణి ఉన్న చోటల్లా గట్లు. మడిలో నీళ్లు పెట్టగానే ఎలుకలన్నీ గట్టెక్కాల్సిందే. వాటి వెంట యానాది గిరిజనులూ గట్లమీదికి వచ్చారు. బొరియ నోట కుండ పెట్టి, గడ్డి రాజేసి, పొగ లోపలికి ఊది పట్టేవారు. ఏ బొరియలో ఏ ఎలుక ఉందో మట్టి చూసి చెప్పగల ఆ నేర్పు ఏ ప్రయోగశాలకూ తీసిపోదు.

కాలువలు ఆగిపోయే నాగాయలంక, కోడూరు దాటితే మడ, తిల్ల చెట్ల రాజ్యం. ఆటుపోట్లకు మునిగే ఆ బురదలో చిట్టెలుక బొరియ చేయలేదు. వెనకున్న ఇసుక దిబ్బలు, గట్లే దాని చోటు. మడ అడవిలోని బావురుపిల్లి ఎక్కువగా చేపలు తింటుంది. ఎలుకలు దొరికినా వదలదు. గుడ్లగూబ, నక్క, పాము కూడా ఈ అంచునే వేటాడతాయి.

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. మడ అడవి విలువ ఆ తర్వాతే చాలామందికి తెలిసొచ్చింది. 1989లో సుమారు 194 చదరపు కిలోమీటర్లతో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే రొయ్యల చెరువులూ లేచాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో రొయ్యల చెరువులు వద్దంది. 2005లో వచ్చిన చట్టం మళ్లీ దారి తెరిచింది. చెరువు గట్టు యంత్రంతో పోసి గట్టిపరిచినది. పాత పొలంగట్టులా చిట్టెలుకకు గడ్డీ గింజా ఇచ్చేది కాదు.

ఈలోగా మదురైలో ఇదే చిట్టెలుక మీద గొప్ప పరిశోధన జరిగింది. ఎన్. విశ్వనాథన్, ఎం.కె. చంద్రశేఖరన్ 1985లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు: చీకట్లో పెరిగే కూనలు తల్లి పక్కన ఉండటాన్నీ లేకపోవడాన్నీ బట్టి తమ శరీర గడియారాన్ని సరిచేసుకుంటాయని. మన గట్టుమీది ప్రాణి ప్రపంచానికి చెప్పిన సంగతి ఇది.

1972 వన్యప్రాణి చట్టం ఎలుకలను హానికర జంతువుల జాబితాలో చేర్చింది. 2022 సవరణతో ఆ జాబితానే తీసేశారు. పొలంలో మాత్రం 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమడయోలోన్ కలిపిన ఎర ఇంకా నడుస్తోంది. పంట కాపాడుకోవడం రైతు హక్కే, కాదనను. కానీ ఆ మందు తిన్న ఎలుకను తిన్న గుడ్లగూబకూ ముప్పే. ఎర పెట్టేముందు బొరియ చూడండి. పెద్ద మట్టికుప్ప ఉంటే నల్ల ఎలుకది, అక్కడ పెట్టండి. వేలెడు రంధ్రమైతే వదిలేయండి. మడ అడవిని ఆనుకున్న గట్లమీద అసలే పెట్టకండి.