నిద్రయు, మెలకువయు: ఒక ఔషధముయొక్క చరిత్ర



కుంభకర్ణుని నిద్రను గూర్చియు, ఊర్మిళాదేవి నిద్రను గూర్చియు మనము చిన్ననాటినుండి వినియున్నాము. పతంజలి మహర్షి చిత్తవృత్తులు ఐదని చెప్పుచు, నిద్రను గూడ నందొకటిగా లెక్కించెను. అనగా నిద్ర మెలకువ లేకపోవుట మాత్రమే గాదు. అదియు నొక వ్యాపారమే. పాశ్చాత్య వైద్యులలో పలువురు చిరకాలము వేరుగా దలంచిరి. ఇంద్రియములకు పని తప్పినచో మెదడు తనంత తానే నిద్రించునని వారి మతము. ఆ మతము మారిన విధమును, దానివలన నొక క్రొత్త తరగతి మందు పుట్టిన విధమును నేడు మనవి చేసెదను.

మొదట పాత మందుల సంగతి. 1869లో జర్మనీ దేశమున లీబ్రైఖ్ అను వైద్యుడు క్లోరల్ హైడ్రేటును నిద్రమందుగా వాడుకకు దెచ్చెను. 1903లో ఫిషర్, మేరింగ్ అను నిరువురు వెరోనాలును వెలువరించిరి. 1960 మొదలుకొని బెంజోడయాజిపీన్ అను జాతి మందులు వ్యాపించెను. ఇవి యన్నియు స్థూలముగా మెదడును మందగింపజేసి నిద్ర దెచ్చునవే. వెరోనాలు జాతి మందు మోతాదు మించినచో ఊపిరియే నిలిచి మనుజుడు మరణించును. తరువాతి మందులలో నా భయము కొంత తగ్గినను, అలవాటుపడినవారు విడువలేకపోవుట యను దోషము మిగిలెను.

మెలకువకు మెదడులో ప్రత్యేకస్థాన మున్నదని గ్రహించినవాడు వియన్నా నగరమందలి వాన్ ఎకొనొమో. 1917 ప్రాంతమున ఐరోపాలో నొక వింత మెదడువాపు జ్వరము ప్రబలెను. కొందరు రోగులు వారములకొలది నిద్రించిరి. కొందరికి కన్ను మూతపడుటే లేదు. మరణించినవారి మెదళ్లను ఆయన పరీక్షింపగా, హైపోథాలమస్ అను చిన్నభాగమున ముందువైపు చెడినవారికి నిద్ర పోయినట్లును, వెనుకవైపు చెడినవారికి మెలకువ పోయినట్లును దేలెను. స్థానము తెలిసెను, కాని అచ్చట పనిచేయు పదార్థ మేదియో తెలియుటకు మరి ఎనుబదియేండ్లు పట్టెను.

ఆ రహస్యమును తెలిపినది వేరొక రోగము. 1880లో ఫ్రాన్సు దేశపు జెలినో అను వైద్యుడు, ద్రాక్షసారాయి పీపాలు విక్రయించు నొక వర్తకుని చూచెను. ఆతడు పగలు పలుమారులు నిద్రలో బడుచుండెను. నవ్వు వచ్చినచో కాళ్లు పట్టు తప్పుచుండెను. ఈ రోగమునకు జెలినో నార్కొలెప్సీ యని పేరిడెను. అమెరికాయందలి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డిమెంట్ అను పండితుడు 1970 తరువాత నిట్టి రోగముగల కుక్కలను జేర్చి పెంచెను. రుచిగల తిండి చూచిన సంతోషముచేతనే యవి కూలబడుచుండెను.

1998లో రెండు పరిశోధకబృందములు వేర్వేరుగా నొకే పదార్థమును కనుగొనెను. డల్లాస్ నగరమున యనగిసావా, సకురాయి మొదలగువారు అది యాకలికి సంబంధించినదని తలచి, ఆకలి యనునర్థముగల గ్రీకు పదమునుండి ఒరెక్సిన్ అని పేరిడిరి. డి లెసియా మున్నగువారు హైపోక్రెటిన్ అనిరి. 1999లో ఒరెక్సిన్ లేని యెలుకలను పుట్టించి రాత్రివేళ చిత్రములు తీసి చూడగా, అవి పరుగిడుచునే హఠాత్తుగా కూలుచుండెను. ఆ యేడే మిన్యో బృందమువారు, రోగగ్రస్తములైన కుక్కలలో ఒరెక్సిన్‌ను గ్రహించు గ్రాహకము చెడియున్నదని స్థాపించిరి. 2000లో మనుష్యులయందును కారణము తేలెను. ఆరోగ్యవంతుని మెదడులో ఈ పదార్థమునిచ్చు కణములు సుమారు 70,000. రోగులలో నూటికి 85 మొదలు 95 వరకు నశించియుండెను.

ఇక మన తార్కికుల అన్వయవ్యతిరేకములను స్మరింపుడు. ఒరెక్సిన్ ఉన్న మెలకువ నిలుచును, లేనిచో నిలువదు. కావున నిద్రపట్టనివానికి దానిని రాత్రిమాత్రము అడ్డగించిన నిద్ర రాదా యని పండితు లూహించిరి. ఒరెక్సిన్ తాళపుచెవి, గ్రాహకము తాళము. ఆ తాళపు రంధ్రమున మందు ముందుగా దూరి కూర్చుండును. చెవికి చోటు దొరకదు. అనగా మెదడంతటిని అణచుట గాక, మేలుకొలుపు పిలుపును మాత్రమే ఆపుట.

స్విట్జర్లాండునందలి ఆక్టెలియన్ సంస్థవారి ఆల్మొరెక్సాంట్ 2007లో ప్రకటితమై, 2011లో విరమింపబడెను. మెర్క్ సంస్థవారి సువొరెక్సాంట్‌కు 2014లో అమెరికా ప్రభుత్వ మనుమతి నిచ్చెను. సంస్థవారు పెద్ద మోతాదులు కోరగా, మరునాటి మత్తునకు వెరచి అధికారులు 10 మిల్లీగ్రాములతో ప్రారంభింపవలెననియు, 20 దాటరాదనియు విధించిరి. పిమ్మట 2019లో లెంబొరెక్సాంట్, 2022లో డారిడొరెక్సాంట్ అచ్చట అనుమతి పొందెను.

ఇవి యమృతములు గావు. వీనివలన గలుగు మేలు పరిమితము. మరునాడు మత్తు మిగులవచ్చును గాన బండి తోలువారు జాగరూకులై యుండవలెను. నార్కొలెప్సీ రోగు లివి ముట్టరాదు. వైద్యుని యనుజ్ఞ లేక యెవ్వరును సేవింపదగదు.

పెద్దలారా, ఈ చరిత్రయందు గ్రహింపదగిన దొకటి కలదు. లోకము సోమరులని నవ్విన రోగులే మెలకువ రహస్యమును లోకమునకు దెలిపిరి. కావున రాత్రి చాలినంత నిద్రించియు, బడిలోగాని పొలముగట్టున గాని పగలు పదేపదే కునుకు పట్టు బాలుడు కనబడినచో, బెత్తమెత్తుటకు ముందు వైద్యునకు జూపుడు. వాని లోపము బుద్ధియందు గాక మెదడులోని కొలదిపాటి కణములయందు ఉండవచ్చును.