దొర్కా గది, నరసాపురం అరుగు: లేసు అల్లికల చరిత్రలో సంఘము పాత్ర

కొంతకాలం క్రితం మా సంఘములోని స్త్రీల మైత్రి సభ్యులు కొందరు ఒక మనవి తెచ్చారు. వారానికి రెండు మధ్యాహ్నాలు పార్సనేజి వరండాలో కూర్చుని లేసు అల్లుకుంటామని, కొత్తవారు ఎవరైనా వచ్చి చేరితే వారికి నేర్పుతామని అడిగారు. సంతోషంగా ఒప్పుకున్నాము. ఆ ఆదివారం ప్రకటనలలో, తీరిక సమయములో మంచి కాలక్షేపము గనుక సహోదరీలు ఈ గుంపులో చేరవలసినదని చెప్పాము. ఆరాధన అయ్యాక ఒక పెద్దావిడ మా దగ్గరకు వచ్చింది. "కాలక్షేపం అనకండి అయ్యగారూ. మా అమ్మ ఈ సూదితోనే మమ్మల్ని బడికి పంపింది" అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది.

ఆ మాట మమ్మును విడిచిపెట్టలేదు. సంఘ చరిత్ర బోధించేటప్పుడు మనము బడులను గురించి, ఆసుపత్రులను గురించి, బైబిలు స్త్రీలను గురించి చెబుతాము. లేసు అల్లిన స్త్రీలను గురించి చెప్పము. ఎందుకు చెప్పలేదో వెదకగా, 'కాలక్షేపము' అన్న ఆ ఒక్క మాటకే చాలా చరిత్ర ఉన్నదని తెలిసింది. ఆ సంగతిని ఈ వ్యాసములో పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ముందుగా పని సంగతి. లేసు అన్నదంతా ఒకటే రకము కాదు. దిండు మీద గుండుసూదులు గుచ్చి, అనేక చిన్న కండెలను అటూ ఇటూ మార్చుతూ అల్లేది ఒక పద్ధతి. చివర కొక్కెమున్న ఒకే ఒక సూదితో, ఒకే దారముతో, గొలుసు మీద గొలుసు వేస్తూ అల్లేది మరొకటి. దీనినే క్రోషే అంటారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు చిన్న కొక్కెము అని అర్థము. దిండు లేసుకు సామగ్రి కావాలి, దానిని పెట్టుకొనేందుకు స్థలము కావాలి. క్రోషేకు సూది, దారపు ఉండ ఉంటే చాలు. పొయ్యి దగ్గర కూర్చునీ అల్లవచ్చు, బిడ్డను ఒడిలో పెట్టుకునీ అల్లవచ్చు. ఈ సౌలభ్యమే ఆ స్త్రీలకు మేలూ చేసింది, కీడూ చేసింది.

మన దేశములో మిషను లేసుకు పాత ఉదాహరణ నాగర్‌కోయిల్‌లో ఉన్నది. లండన్ మిషనెరీ సొసైటీకి చెందిన చార్లెస్ మాల్ట్, మార్తా మాల్ట్ దంపతులు 1819 చివర అక్కడికి చేరారు. మార్తమ్మగారు బాలికల వసతి పాఠశాలలో దిండు లేసు నేర్పారు. ఆ కాలములో తిరువాన్కూరు రాజ్యములో బానిసత్వము చట్టబద్ధముగా ఉండేది. అక్కడ దాని రద్దు 1855లో గాని జరుగలేదు. బానిస కుటుంబాలలో పుట్టిన కొందరు బాలికలు లేసు అమ్మగా వచ్చిన డబ్బు కూడబెట్టి తమ విడుదలను తామే కొనుక్కున్నారని మిషను చరిత్రలు చెబుతున్నవి. వారి చేతిలో లేసు కాలక్షేపము కాదు, విడుదల క్రయధనము. మాల్ట్ దంపతుల కుమార్తె ఎలైజా తరువాత రాబర్ట్ కాల్డ్‌వెల్‌ను వివాహము చేసికొని ఇడైయన్‌గుడిలో లేసు పని నేర్పారు. ద్రావిడ భాషల వ్యాకరణము వ్రాసిన కాల్డ్‌వెల్ పేరు తెలియని భాషా విద్యార్థి మనలో ఉండడు. ఆయన భార్య పేరు ఎంతమందికి తెలుసు?

ఇంచుమించు ఆ కాలములోనే ఐర్లండులో మరొక సంగతి జరిగింది. 1845 మొదలు బంగాళాదుంప పంట తెగులుకు నాశనమై దేశమంతా కరవులో పడింది. మోనహాన్ కౌంటీలోని క్లోన్స్ పట్టణములో సంఘ కాపరి భార్య కసాండ్రా హ్యాండ్ 1847లో పేద స్త్రీలకు క్రోషే లేసు నేర్పించే ఏర్పాటు చేశారు. కార్కు ప్రాంతములో రోమను కతోలిక సన్యాసినులు అదే పని చేశారు. దిండు లేసు కంటె ఇది త్వరగా తయారవుతుంది, త్వరగా అమ్ముడుపోతుంది. ఆకలికి ఆగే సమయము ఉండదు గదా.

ఇక మన గోదావరి. నరసాపురములో ఎవరిని అడిగినా, మాక్రే అనే స్కాట్లండు మిషనెరీ దంపతులు 1844లో దుమ్ముగూడెములో లేసు నేర్పారని, అక్కడనుండి అది డెల్టాకు వచ్చిందని చెబుతారు. ఈ కథనమే పుస్తకాలలోనూ పత్రికలలోనూ తిరుగుతున్నది. విద్యార్థులు దీనిని పరీక్షించకుండా తమ థీసిస్సులలో ఎత్తి వ్రాయకూడదని మా మనవి. చర్చి మిషనరీ సొసైటీవారి తెలుగు పరిచర్య 1841లో ఫాక్స్, నోబుల్ గార్లతో మచిలీపట్నములో మొదలైనది. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ప్రారంభమై 1852లో ముగిసింది. ఎగువ గోదావరిలో పడవల రాకపోకలకోసం పనులు సాగినప్పుడు, ఇంజినీరు హేగ్ దొరగారి ప్రోద్బలముతో 1860 దశకపు ఆరంభములో దుమ్ముగూడెములో మిషను నిలిచింది. అటువంటప్పుడు 1844లో అక్కడ లేసు తరగతి ఎలా నడిచి ఉంటుంది? తేదీ అయినా తప్పి ఉండాలి, స్థలమైనా తప్పి ఉండాలి. దుమ్ముగూడెములో లేసు పని తరువాతి కాలములో జాన్ కెయిన్ గారి కుటుంబము చేతిలో వృద్ధిపొందినదన్న మాట మాకు ఎక్కువ నమ్మదగినదిగా తోచుచున్నది. నరసాపురానికి వేరే మిషను సంబంధము కూడా ఉన్నది. 1836లో మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు అక్కడ గోదావరి డెల్టా మిషనును స్థాపించాయి. వారు ఇంగ్లండులోని డెవన్ ప్రాంతము వారు. ఆ ప్రాంతము లేసుకు పేరుపొందినది. ఇందులోనుండి ఏదో రుజువు అయినదని మేము చెప్పడము లేదు. మిషను పాత ఉత్తరాలు చదివే ఓపిక ఉన్న యువ పరిశోధకునికి ఇక్కడ పని ఉన్నదని మాత్రము చెబుతున్నాము.

తేదీ ఏదైనా మొదటి దశ స్వరూపము స్పష్టముగానే ఉన్నది. దళిత వాడలనుండి సంఘములో చేరిన స్త్రీలు మిషను ఆవరణలో ఒకచోట కూర్చుని నేర్చుకున్నారు. అల్లిన లేసును మిషనెరీలు స్వదేశములోని స్నేహితులకు పంపి అమ్మించేవారు. దారము ఎంత ఇచ్చారు, పని ఎంత వచ్చింది, ధర ఎంత పలికింది అన్నది ఒకే గదిలో తెలిసిపోయేది. ఆ గదిలో దొరసాని పెత్తనము లేదని మేము అనము. అయినా అది ఒక గది. అందులో పదిమంది ఒకరినొకరు చూచుకున్నారు.

తరువాత వ్యాపారము వచ్చింది. 1900 ప్రాంతములో యోనా, యోసేపు అనే ఇద్దరు క్రైస్తవ సహోదరులు నరసాపురమునుండి లేసు ఎగుమతి మొదలుపెట్టినట్టు జర్మను సమాజ శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ నమోదు చేశారు. వర్తకులు పెరిగారు. అల్లిక మిషను ఆవరణ దాటి ఊళ్ళలోకి, ఇతర కులాల ఇండ్లలోకి, ముఖ్యముగా బయట పనికి వెళ్ళని కాపు స్త్రీల మధ్యకు ప్రాకింది. ఏజెంటు దారము తెచ్చి ఇస్తాడు, అల్లినది పట్టుకుపోతాడు. పని కూడా ముక్కలైనది. ఒకామె పువ్వులు అల్లుతుంది. దానిని చేతిపని అంటారు. మరొకామె ఆ పువ్వులను కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేస్తుంది. అది అతుకుపని. పువ్వు అల్లినామెకు బల్లగుడ్డ కనబడదు. అతుకుపని చేసినామెకు దాని ధర తెలియదు.

మీస్ 1970ల చివర ఈ ప్రాంతములో ఉండి పరిశోధించి, 1982లో ఆంగ్లములో నరసాపురం లేసు స్త్రీలను గురించిన గ్రంథము ప్రచురించారు. అప్పటికి లక్షమందికి పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నారు. ఎనిమిది గంటల అల్లికకు సగటున వచ్చినది 56 పైసలు! పొలము కూలికి వెళ్ళిన స్త్రీకి ఇంతకంటె ఎక్కువ వచ్చేది. ఇంత తక్కువ ఎలా ఇవ్వగలిగారు? వర్తకుల సమాధానము తయారుగా ఉండేది: వీరు గృహిణులు, ఖాళీ సమయములో కాలక్షేపానికి అల్లుకుంటారు. విచారకరమైన సంగతి ఏమిటంటే, ఆ స్త్రీలు కూడ తమ్మును గురించి అలాగే చెప్పుకున్నారు.

ఈ మాట వర్తకులే పుట్టించారా? మా అభిప్రాయములో కొంత బాధ్యత సంఘముది. అల్లికను స్త్రీకి తగిన సాధుగుణముగా, వట్టి మాటలకు విరుగుడుగా, ఇంటి పట్టున ఉంచే సాధనముగా మన పూర్వికులు ప్రసంగించారు. వారి ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని పనిని గుణము అన్నప్పుడు దానికి కూలి అడుగుటకు నోరు రాదు. మనము వేదికమీద వాడిన మాట వర్తకుని లెక్కల పుస్తకములో తక్కువ అంకె అయినది. యాకోబు పత్రిక 5:4లో మొరపెట్టే కూలిని కోతపనివారికి మాత్రమే పరిమితము చేసి బోధించినవారిలో మేమూ ఉన్నాము.

ఇప్పుడు అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము చూడండి. యొప్పేలో తబితా, అనగా దొర్కా, మరణించినప్పుడు మేడగదిలో విధవరాండ్రందరు పేతురు చుట్టు నిలిచి, ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను చూపుతూ ఏడ్చారు. దొర్కాను గురించిన మన ప్రసంగాలు ఆమె దానధర్మములతో ఆగిపోతాయి. లూకా మరొక సంగతి వ్రాశాడు. ఆమె తమతోకూడ ఉన్నప్పుడు ఈ బట్టలు చేసినదని ఆ స్త్రీలు చూపారు. దొర్కా వస్త్రములు పంచి వెళ్ళిపోయే ధనికురాలు కాదు, వారితో కూడ ఉన్న స్త్రీ. శిష్యురాలు అని స్త్రీలింగ రూపములో పిలువబడినది క్రొత్త నిబంధన అంతటిలో ఈమె ఒక్కతే. ఆ బిరుదు ఉన్న వాక్యములోనే ఆమె సత్క్రియల ప్రస్తావన ఉన్నది.

నరసాపురములో సమీపకాలపు మార్పులు కూడ గుంపుగా కూడుటవల్లనే వచ్చినవి. డ్వాక్రా సంఘాలు, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టము క్రింద ఏర్పడిన స్త్రీల సంఘాలు, సీతారామపురము దగ్గరి లేసు పార్కు కొందరినైనా ఏజెంటు గుమ్మము దాటించాయి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. యంత్రపు లేసు పోటీ మాత్రము తీరలేదు. గుర్తింపు పత్రము పువ్వు అల్లే స్త్రీ కూలిని దానంతట అదే పెంచదు.

మా వరండా సంగతి చెప్పి ముగిస్తాము. తరువాతి ఆదివారం మేము ఆ ప్రకటనను సరిదిద్ది చదివాము. గుంపులో ఇప్పుడు పదకొండుగురు ఉన్నారు. అందులో ఇద్దరు మన సంఘస్థులు కారు. వారు ఒక లెక్కల పుస్తకము పెట్టారు. దారము ఖరీదుకు ఒక గడి, అమ్మిన ధరకు ఒక గడి ఉన్నవి. అల్లిన గంటలకు మూడవ గడి ఉండాలని పట్టుపట్టినది ఆ పెద్దావిడే.