పైకప్పు మారితే మేకు మారింది: చిక్కడపల్లి ఇండ్ల సీలింగుల నిర్మాణ చరిత్ర

ఇంటి చరిత్రను పరిశీలించేవారు సాధారణంగా గోడను, గుమ్మాన్ని, కప్పును చూస్తారు. వాటిని కలిపి పట్టి ఉంచిన మేకు మీద దృష్టి పడటం అరుదు. సీలింగు పలకల విషయంలో ఈ ఉపేక్ష వల్ల ఒక ముఖ్యమైన అంశం మరుగునపడుతోంది. గోడకు దిగిన మేకు మీద బరువు అడ్డంగా పడుతుంది. సీలింగుకు దిగిన మేకును ఆ బరువు, అది వెళ్లిన దారినే వెనక్కి లాగుతుంది. లాగుడు రాత్రింబవళ్లు ఆగదు. కనుక సీలింగుకు ఏ మేకు తగినదన్న ప్రశ్నకు సమాధానం పలకలో కంటే పలకకు పైన ఉన్న కప్పులోనే ఎక్కువగా ఉంటుంది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల్లో గత నూరేళ్లలో కప్పు కనీసం మూడు విధాలుగా మారింది. ప్రతి మార్పుతోనూ మేకు మారింది, మేకును ఎంచుకునే మనిషీ మారాడు.

1908 సెప్టెంబరు మూసీ వరదల తరువాత, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడిన తరువాత, నగరం మూసీకి ఉత్తరాన విస్తరించిన క్రమంలో ఈ పేటలు పెరిగాయి. 1918లో వెలసిన రెడ్డి హాస్టల్ వంటి సంస్థలు నగరానికి తెలుగు విద్యావంతులను రప్పించాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కోస్తా, రాయలసీమల నుంచి వచ్చిన ఉద్యోగ కుటుంబాలు చేరాయి. అందువల్ల మిద్దె ఇల్లు, గర్డరు ఇల్లు, కాంక్రీటు ఇల్లు ఒకే వీధిలో పక్కపక్కన నిలిచే స్థితి ఏర్పడింది.

వీటిలో పాతది మిద్దె. దూలాల మీద దంతెలు, వాటిపై చెక్కలు, ఆపైన మట్టి, డంగు సున్నం. ఇటువంటి కప్పు నుంచి దుమ్ము, పెల్లలు రాలకుండా కలిగినవారి ఇండ్లలో దంతెల కింద తెల్లగుడ్డను బిగించి కట్టేవారు. దీనిని ఉర్దూలో ఛత్‌గీరీ అంటారు. గుడ్డ బరువు స్వల్పం కనుక అంచున పట్టీ వేసి చిన్న మేకులు కొడితే సరిపోయేది. గుడ్డ స్థానంలో చెక్క పలకలు వచ్చినప్పుడు అసలు సమస్య మొదలైంది. వడ్రంగికి ఇక్కడ పుస్తకం అవసరం లేదు. కర్ర నారకు అడ్డంగా దిగిన మేకు పట్టు ఇస్తుందని, కర్ర కొసన నార వెంబడి దిగిన మేకు సులభంగా ఊడుతుందని అతనికి చేతితోనే తెలుసు. రెండు మేకులను ఒకదానికొకటి ఎదురు వాలుగా కొడితే పలక నిటారుగా జారిపోలేదు. ఎండిన టేకులో ముందుగా సన్నని రంధ్రం తొలవకపోతే కర్ర చీలుతుంది, లేదా మరమేకు తల తెగుతుంది. మేకు పొడవు పలక మందానికి రెండున్నర, మూడు రెట్లు ఉండాలన్న లెక్క కూడా ఈ అనుభవానికి చెందినదే. మేకును ఎంచుకునేవాడూ దానిని కొట్టేవాడూ ఒక్కడే కావడం ఈ దశ ప్రత్యేకత.

రెండవ రకం కప్పులో ఆ వడ్రంగికి పట్టు దొరకలేదు. ఇనుప గర్డర్లపై షాబాదు బండలు పరచిన కప్పు, లేదా గర్డర్ల మధ్య ఇటుకలతో చిన్న కమానులు కట్టిన కప్పు హైదరాబాదు రాజ్యంలో విస్తృతంగా వాడుకలో ఉండేవి. షాబాదు అప్పటి నిజాం రాజ్యంలోని గుల్బర్గా జిల్లాలోది. రాయి దగ్గరిది, ఇనుము మన్నేది, చెదపురుగు భయం లేదు. అయితే పలుచని బండకు రంధ్రం తొలిస్తే అది పగలవచ్చు. కమానులోని ఇటుకను కదిలిస్తే సున్నపు పట్టు సడలుతుంది. అందుచేత ఇటువంటి కప్పుకు సీలింగు వేయాలంటే బండను ముట్టుకోకుండా గర్డరు కింది అంచునే పట్టుకోవాలి. ఆ అంచును రెండు వైపుల నుంచి కరిచే ఇనుప క్లాంపు, దానికి వేలాడే కడ్డీ, కడ్డీకి కర్ర చట్రం అనేది సరైన వరస. గర్డరు ఇండ్లలో ఫ్యాను వేలాడేదీ ఈ విధంగానే. గది చిన్నదైతే కప్పును పూర్తిగా వదిలి, చట్రాన్ని గోడ నుంచి గోడకు నిలిపేయవచ్చు. ఈ రెండవ మార్గం నేటి పనివారికి తోచడం తక్కువ. పాత గర్డరు ఇంట్లో జిప్సం సీలింగు వేయించుకునే కుటుంబానికి మాత్రం తరచు అదే క్షేమకరమైనది.

కాంక్రీటు స్లాబుతో మేకు చరిత్ర ప్రపంచ చరిత్రతో ముడిపడింది. కాంక్రీటులో మేకు దిగదు. తొలచిన రంధ్రంలో మరమేకు నిలవదు. మొదట్లో దీనికి సమాధానం కర్ర గిట్టీ. ఉలితో రంధ్రం చేసి టేకు ముక్కను దిగగొట్టి, దానిలోకి మరమేకు బిగించేవారు. గోడ గిట్టీకి, సీలింగు గిట్టీకి ఆకారం ఒకటి కారాదు. కప్పులోని రంధ్రం లోపల వెడల్పుగా, బయట సన్నగా ఉంటేనే గిట్టీ జారదు. ఎండాకాలంలో కర్ర కుంచించుకుపోవడం దీని శాశ్వత లోపం. లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో గోడలు చెడకుండా విద్యుత్ పరికరాలు బిగించే పనిలో జాన్ జోసెఫ్ రాలింగ్స్ 1911 ప్రాంతంలో నార గొట్టాన్ని రూపొందించాడు. మరమేకు లోపలికి తిరిగే కొద్దీ ఆ గొట్టం విచ్చుకుని రంధ్రపు గోడలను ఒత్తుతుంది. నేటికీ తెలుగు పనివారి నోట వినిపించే ‘రావల్ ప్లగ్గు’ అన్న మాట అతని పేరు నుంచే వచ్చింది. 1958లో జర్మనీకి చెందిన ఆర్తూర్ ఫిషర్ దానిని నైలానులో తయారుచేశాడు. భారత ప్రమాణాల సంస్థ కూడా ఈ విషయాన్ని ఆలస్యం లేకుండా గుర్తించింది. ఘనమైన గోడలు, సీలింగులు, నేలలలో బిగింపు సాధనాల వాడకంపై 1961లో, సీలింగు పలకల అమరికపై 1963లో ప్రత్యేక నియమావళులు వెలువడ్డాయి. చిక్కడపల్లిలో ఉద్యోగులు స్లాబు ఇండ్లు కట్టుకుంటున్న కాలమూ అదే. శాస్త్రం ఢిల్లీలో అచ్చయింది, గిట్టీ మాత్రం చాలాకాలం ఉలితోనే దిగింది.

జిప్సం బోర్డు రాకతో లెక్క మళ్లీ మారింది. పన్నెండున్నర మిల్లీమీటర్ల బోర్డు చదరపు మీటరుకు సుమారు 8 నుంచి 9 కిలోలు తూగుతుంది. పది అడుగులకు పన్నెండు అడుగుల గదికి బోర్డులే దాదాపు 95 కిలోలు. ఇనుప చట్రం, దీపాలు దానికి అదనం. ఇక్కడ బంధాలు రెండు. బోర్డును చట్రానికి కలిపేది 25 మిల్లీమీటర్ల నల్లని మరమేకు. చట్రాన్ని స్లాబుకు కలిపేది యాంకరు. ఇంటివారి కళ్లకు మొదటిది కనిపిస్తుంది, సీలింగు మొత్తం ఆధారపడేది రెండవదాని మీద. నైలాను ప్లగ్గు నిరంతరపు లాగుడుకు నెమ్మదిగా సాగుతుంది, అగ్నిప్రమాదంలో మెత్తబడుతుంది. కనుక కప్పుకు లోపల విచ్చుకునే లోహపు యాంకరే తగినది. అయిదారు దశాబ్దాల నాటి స్లాబులలో మరో చిక్కు ఉంది. ఊచలు తుప్పుపట్టి ఉబ్బినప్పుడు వాటి కింది కాంక్రీటు పొర పైకి గట్టిగానే కనిపిస్తుంది, సుత్తితో తడితే బోలుగా మోగుతుంది. యాంకరు ఆ పొరలోనే ఆగిపోతే అది స్లాబును కాక, రాలడానికి సిద్ధంగా ఉన్న పెచ్చును పట్టుకున్నట్టే.

తేమ ఈ చిక్కును పెంచుతుంది. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వర్షం కురిసింది. హుస్సేన్‌సాగర్ మిగులు నాలా ఒడ్డున ఉన్న అశోక్‌నగర్, దోమలగూడ ముంపులో చిక్కాయి. ఆ వరద కింది నుంచి వచ్చింది. సీలింగుకు చేటు చేసేది పైనుంచి మౌనంగా దిగే చెమ్మ. నీరు పీల్చిన జిప్సం బరువెక్కుతుంది, మెత్తబడుతుంది. అప్పుడు మరమేకు చట్రంలోనే ఉంటుంది, బోర్డు దాని తల మీదుగా చిరిగి కిందికి వస్తుంది. మేకు ఊడలేదు కనుక పని సరిగానే జరిగిందని గుత్తేదారు వాదించే వీలు ఇక్కడే ఉంది. పని చదరపు అడుగుల లెక్కన కుదురుతున్న ఈ కాలంలో యాంకరు రకం, లోతు, దూరం ఒప్పందపు కాగితంలో కనిపించడం అరుదు. వడ్రంగి చేతిలో ఉన్న ఎంపిక గుత్తేదారు కొనుగోలు చీటీలోకి మారింది. ఇంటి యజమాని దగ్గరికి అది ఎన్నడూ రాలేదు.

ఈ పేటల్లో పాత ఇండ్లు ఒక్కొక్కటిగా అపార్టుమెంట్లకు చోటిస్తున్నాయి. కూల్చినప్పుడు టేకు దూలాలకు, గర్డర్లకు, షాబాదు బండలకు కొనుగోలుదారులు ఉంటారు. మేకులు తూకానికి పోతాయి. అయినా దంతెల అడుగు భాగంలో వాటి జాడలు మిగిలే ఉంటాయి. అంచు వెంట వరసగా ఉన్న సన్నని రంధ్రాలు గుడ్డ కట్టిన కాలానివి. చతురస్రపు రంధ్రాలు కమ్మరి చేసిన మేకులవి, గుండ్రనివి యంత్రపు తీగ మేకులవి. మర గుర్తులు నిలిచిన వెడల్పాటి రంధ్రాలు పలకల కాలానివి. ఒకే దంతె మీద ఇవి ఒకదాని పక్కన ఒకటి ఉన్నప్పుడు, ఆ గది ఎన్నిసార్లు కొత్త సీలింగు వేయించుకున్నదో లెక్కించవచ్చు. కలప రంపపు మిల్లుకు చేరేలోపు ఆ లెక్క పూర్తికావాలి.