ఎండాకాలానికి ఇంటి తీపి: పానకం, ముంజల పాయసం, జిగర్తండా

చిత్రా పౌర్ణమికి మదురైలో అళగర్ వైగైలోకి దిగే వేళ వీధి వీధినా పానకం, నీళ్ల మజ్జిగ పంచుతారు. మీనాక్షి కల్యాణాన్ని, అళగర్ ఉత్సవాన్ని ఒకే సమయానికి చేర్చింది తిరుమల నాయకుడు (1623–1659) అని చెబుతారు. మదురైలోనూ, కోయంబత్తూరు చుట్టుపక్కల తెలుగు ఊళ్లలోనూ మన ఇళ్లలో శ్రీరామనవమికి పానకం, వడపప్పు మామూలే. వంట నిలిచింది గానీ పేర్లు జారిపోతున్నాయి. నుంగు తెలిసిన పిల్లలకు ముంజ తెలియడం లేదు. అందుకే ఇంట్లో చేసుకునే మూడింటిని తెలుగు పేర్లతో ఇస్తున్నాం.

పానకం (నలుగురికి)
100 గ్రాముల బెల్లం తరిగి లీటరు మంచినీళ్లలో కరిగించి, ఇసుక, నలకలు పోయేలా వడకట్టాలి. అర చెంచా శొంఠిపొడి, పావు చెంచా మిరియాలపొడి, నాలుగు ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు కలపాలి. కుండలో పోసి ఉంచితే ఐసు అక్కర్లేదు.

ముంజల పాయసం
అర లీటరు పాలు మూడో వంతు ఇగిరేదాకా కాచి, నాలుగు చెంచాల చక్కెర, ఏలకుల పొడి వేసి పూర్తిగా చల్లార్చాలి. ఆరు లేత ముంజల పైపొర తీసి (ఉంచితే వగరు), ముక్కలు చేసి కలపాలి. వేడి పాలలో వేయకూడదు. అదే రోజు తినేయాలి.

జిగర్తండా
మదురై పేరు చెబితే గుర్తొచ్చే పానీయం. ఉర్దూలో జిగర్ అంటే కాలేయం, గుండె. ఠండా అంటే చల్లన. మన మాటలో కడుపు చల్లన అనుకోవచ్చు. చెంచాడు బాదం బంకను రాత్రంతా నానబెడితే జెల్లీలా ఉబ్బుతుంది. అర లీటరు పాలు సగమయ్యేదాకా కాచి, చక్కెర వేసి చల్లార్చాలి. గ్లాసులో రెండు చెంచాల బంక, రెండు చెంచాల నన్నారి షర్బత్, ఆపై పాలు, చివర ఐస్‌క్రీం.

అంగడిలో అడిగేందుకు
ముంజలు – నుంగు; శొంఠి – చుక్కు; బెల్లం – వెల్లం; ఏలకులు – ఏలక్కాయ్; బాదం బంక – బాదం పిసిన్. సుగంధిపాల వేరునే ఇక్కడ నన్నారి అంటారు. రాయలసీమలోనూ అదే మాట.

బెల్లమైనా తీపే కాబట్టి మధుమేహం ఉన్న పెద్దలకు వీటికి బదులు నీళ్ల మజ్జిగ ఇవ్వండి. చేసేటప్పుడు పిల్లల చేతికి దినుసులు అందించి, ఒక్కొక్కదాని పేరు తెలుగులో చెప్పించండి. అంగట్లో తమిళంలో అడిగినా, వంటింట్లో మన మాటే పలకనివ్వండి.